ఆగియున్న బండిలో ఇంజను ఏల వణకును?

పాఠశాల వార్షిక సంచికలో మోటారు ఇంజనుకు చోటేమిటని కొందరు పాఠకులకు తోచవచ్చును. కాటన్‌పేటలోని మన బాలబాలికల తలిదండ్రులలో ఆటో నడపువారు, సరకుల టెంపో నడపువారు, పాత మారుతి ఓమ్నీ వ్యానులో పిల్లలను బడికి చేర్చువారు పలువురు కలరు. బండి లేనివారి పిల్లలును ఆ బండ్లలోనే వచ్చుచున్నారు. ఉదయము గంటకు ముందు గుమ్మము ఎదుట నిలుచు వాహనములలో ఒకటి రెండైనను వణకుచు, దగ్గుచు, పొగ విడుచుచు నుండుట మనమందరము చూచునదే. ఇదేమని యడిగినచో "పాత బండి గదా అయ్యవారూ, అట్లే యుంటుంది" అని సమాధానము వచ్చును. ఈ సమాధానమును మేము అంగీకరింపము. బండి పాతదగుట వణకుటకు కారణము కాదు. పాతబడిన ఏదో యొక భాగము కారణము. ఆ భాగమేదో కనిపెట్టుట కష్టమైన విద్య కాదు, వరుస తెలిసిన చాలును.

యాక్సిలరేటరుపై నుండి కాలు తీసి, గేరు న్యూట్రలులో ఉంచినపుడు ఇంజను తన్ను తాను త్రిప్పుకొనుటకు మాత్రమే చాలినంత ఇంధనముతో నడచుచుండును. దీనిని మెకానిక్కులు ఐడిలింగు అందురు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పీల్చుట, నొక్కుట, మండించుట, వెడలగొట్టుట అను నాలుగు పనులు ముగియుటకు క్రాంకు రెండు చుట్లు తిరుగవలెను. ఓమ్నీ ఇంజను 796 ఘన సెంటీమీటర్లది, మూడు సిలిండర్లు గలది. ఐడిలింగులో నిమిషమునకు 900 చుట్లు తిరుగుననుకొన్నచో ఒక్కొక్క సిలిండరులో 450 మారులు, మూడింటను కలిపి 1350 మారులు మంట పుట్టవలెను. అనగా సెకనుకు ఇరువది రెండు మారులకు పైమాట. మూడింటిలో ఒకటి మండుట మానినచో బలములో మూడవ వంతు పోవును. మిగిలిన రెండును కుంటివాని నడకవలె ఒక అడుగు వేసి, ఒక అడుగు తప్పి, బండినంతయు ఊపును.

మరి ఇదే బండి మైసూరు రోడ్డుపై పరుగెత్తునపుడు చక్కగా నుండి, సిగ్నలు వద్ద ఆగగనే ఏల వణకును? వెనుకటి హరికేను లాంతరును తలచుకొనుడు. వత్తి పెద్దది చేసినపుడు చిన్న గాలికి దీపము చలింపదు. వత్తి బాగుగ తగ్గించినచో అదే గాలికి రెపరెపలాడును. ఐడిలింగు అనునది తగ్గించిన వత్తి. అప్పుడు థ్రాటిలు దాదాపు మూసియుండును, లోనికి పోవు గాలి మిక్కిలి స్వల్పము. ఏ గొట్టము చీలిక నుండియో కొంచెము దొంగగాలి చొరబడినను పాళ్లు తారుమారగును. వేగముగ పోవునపుడు ఇంజను పీల్చు గాలి అపారము గనుక ఆ దొంగగాలి సముద్రములో కాకిరెట్ట యగును.

పాళ్లు అంటిమి. ఒక పాలు పెట్రోలు పూర్తిగ మండుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. పాత బండ్లలో ఈ రెండింటిని కలుపు సాధనమే కార్బురేటరు. సన్నని రంధ్రము నుండి పెట్రోలును గాలిలోనికి చిమ్మించు కార్బురేటరును జర్మనీ దేశస్థుడగు విల్హెల్మ్ మేబాఖ్ 1893లో రూపొందించెను. అదే సంవత్సరమున కోయంబత్తూరు సమీపమున తెలుగు మాట్లాడు కుటుంబములో జి.డి. నాయుడు జన్మించెను. ఆయన బాల్యమున బడి చదువు నిలువలేదు. ఒక ఆంగ్లేయుని మోటారు సైకిలును చూచి, పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, మరల మరల విప్పి బిగించి యంత్రవిద్య నేర్చెను. 1920లో ఒకే బస్సుతో పొల్లాచి, పళని మధ్య రవాణా మొదలుపెట్టెను. బడి చదువు లేకున్నను ఫరవాలేదని చెప్పుటకు ఈ ఉదాహరణ తేలేదు (ప్రధానోపాధ్యాయుడు అట్లు వ్రాయునా!). యంత్రమునకు తెలుగు, కన్నడము అను భేదము లేదని, విప్పి చూచినవానికి అది తన గుట్టు చెప్పునని మాత్రమే మా తాత్పర్యము. స్పార్క్ ప్లగ్గునకు మేము ఏ సంస్కృత సమాసమో కల్పించి వ్రాసినచో కలాసిపాళ్యములో ఎవరికిని తెలియదు. కావున మెకానిక్కుల మాటలనే వాడుచున్నాము.

వణకు బండిని తీసికొనిపోయినపుడు పలుచోట్ల మొదట జరుగు వైద్యమేమన, స్క్రూడ్రైవరుతో ఐడిలింగు స్క్రూను అర చుట్టు బిగించుట. ఇంజను వేగము పెరుగును, వణకు తగ్గినట్లు కనిపించును, డ్రైవరు సంతోషించి డబ్బిచ్చి పోవును. ఇది లెక్కలలో తప్పిన బాలునికి పది మార్కులు కలిపి పై తరగతికి పంపినట్టిది. దోషము లోననే యుండును, పైగా పెట్రోలు వృథా, గేరు వేయునపుడు పండ్ల రాపిడి. ఇంతకన్న హానికరమైనది రెండవ స్క్రూ. దానిని త్రిప్పి పెట్రోలు పాలు పెంచినచో ఇంజను మెత్తగ నడచును గాని, గాలి చాలని మంటలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువు కంటె ఈ వాయువును రెండు వందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. ఓమ్నీ వ్యానులో ఇంజను ముందు సీట్ల క్రింద నున్నది. ఆ మూత రబ్బరు పాడైనను, నేల రేకు తుప్పుపట్టి రంధ్రము పడినను, పొగగొట్టపు అతుకు ఊడినను, ఆగిన బండిలో కిటికీలు మూసి కూర్చున్న పిల్లలే దానిని పీల్చువారు. వ్యాను దిగిన బిడ్డ తరచుగా తలనొప్పి యనియో, కడుపులో త్రిప్పుచున్నదనియో చెప్పినచో బడి యెగవేయుటకు సాకని తోసిపుచ్చక, వ్యాను నొకసారి చూడుడు.

ప్రభుత్వపు పొగ పరీక్షయు ఐడిలింగులోనే జరుగుట గమనింపదగినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 115వ నిబంధన ప్రకారము, భారత్ స్టేజ్ రెండుకు ముందటి నాలుగు చక్రముల పెట్రోలు బండి పొగలో ఈ వాయువు నూటికి 3 పాళ్లు, భారత్ స్టేజ్ రెండు, మూడు బండ్లలో 0.5 పాలు మించరాదు. పరీక్ష నాడు స్క్రూ తగ్గించి, చీటీ చేతికి వచ్చిన పిమ్మట మరల పెంచు అలవాటు కొందరికి కలదు. చీటీ కాగితమే గాని ఊపిరితిత్తులకు అడ్డు తెర కాదు.

ఇక పరీక్షకు వత్తము. పనిముట్లు పట్టుటకు ముందు చెవి, కన్ను, ముక్కు చాలును. వణకు లయగా, ఒకే తీరున తప్పుచున్నదా? అట్లయినచో ఒక సిలిండరు పనిచేయుట లేదు. డ్రైవర్లు మిస్సింగు అనునది ఇదే. వేగము పెరుగుచు తగ్గుచు ఊగిసలాడుచున్నదా? అది గాలి, పెట్రోలు పాళ్ల చిక్కు. ఉదయము చల్లగా నున్నపుడు మాత్రమే వణకి, పిదప సర్దుకొనుచున్నదా, లేక వేడెక్కిన తరువాత మొదలగుచున్నదా? చోకు కొంచెము లాగి చూడుడు. లాగగనే నిమ్మళించినచో పెట్రోలు చాలుట లేదు, లేదా దొంగగాలి వచ్చుచున్నది. లాగగనే మరింత పాడైనచో పెట్రోలు ఇదివరకే ఎక్కువైనది. పొగ నల్లనిదైన పెట్రోలు అధికము, నీలముగ నున్న ఆయిలు మండుచున్నది. వేడెక్కిన తరువాతను దట్టమైన తెల్లపొగ విడువక వచ్చుచు, రేడియేటరులో నీరు తరుగుచున్నచో హెడ్ గ్యాస్కెట్ అనుమానింపవలెను. ఇంజను సమముగ ధ్వనించుచుండగా బండి మాత్రమే ఊగుచున్నచో ఇంజను క్రింది రబ్బరు మౌంట్లు పగిలియుండును. అప్పుడు కార్బురేటరు విప్పుట వృథా ప్రయాస. ఈ ప్రశ్నలకు సమాధానములు ఒక చీటీపై వ్రాసికొని మెకానిక్కు వద్దకు పోవువానికి సగము ఖర్చు తగ్గునని మా నమ్మకము.

మొదట చూడవలసినది నిప్పు. ఏలయన, అది చౌక. ప్లగ్గులను విప్పి, ఏ సిలిండరుది ఏదో కలసిపోకుండ వరుసగ పేర్చి చూడవలెను. కొన లేత గోధుమ వన్నెగ నున్నచో ఆరోగ్యము. పొడిమసి పట్టినచో పెట్రోలు ఎక్కువ. తడిగ, జిడ్డుగ నున్నచో ఆయిలు లోనికి దిగుచున్నది. సున్నము వలె తెల్లబడినచో గాలి ఎక్కువై మంట వేడెక్కుచున్నది. మూడింటిలో రెండు ఒక తీరున, ఒకటి వేరొక తీరున నున్నచో దొంగ ఆ మూడవ సిలిండరులోనే కలడు. ఇంజను నడచుచుండగా ప్లగ్గు తీగెలను ఒక్కొక్కటిగ తీసి చూచు పరీక్షయు ప్రసిద్ధము. మంచి సిలిండరు తీగె తీసినచో వణకు పెరుగును, చెడ్డదాని తీగె తీసినను మార్పుండదు. కాని ఆ తీగెలో వేల వోల్టుల విద్యుత్తు ప్రవహించును. వట్టి చేతితో తాకరాదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషను గల బండిలో తీసిన తీగెను గాలిలో వ్రేలాడనీయక, కొనను లోహమునకు తగిలించి యుంచవలెను, లేనిచో కాయిలు పాడగును. పాయింట్లు గల మరింత పాత బండ్లలో, అనగా అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని మొదలగు వానిలో, పాయింట్ల మధ్య ఎడము సుమారు 0.4 మిల్లీమీటరు ఉండవలెను. వానాకాలమున మాత్రమే మిస్సింగు వచ్చు బండిని రాత్రి చీకటిలో బానెట్టు తెరచి చూచినచో, పగిలిన తీగెల వెంట నీలపు మెరుపులు కంటికే కనబడును.

నిప్పు బాగున్నచో దొంగగాలిని వెదకవలెను. కార్బురేటరు అడుగు గ్యాస్కెట్, ఇన్‌లెట్ మానిఫోల్డు అతుకు, సన్నని వాక్యూము గొట్టములు దాని రహస్య ద్వారములు. ఎండకు గట్టిపడిన రబ్బరు గొట్టమును వంచి చూచినచో పెచ్చులు కనబడును. నడచు ఇంజనుపై ఒక్కొక్క గొట్టమును కొద్దిసేపు వ్రేళ్లతో నొక్కి మూయగా, ఏది మూసినపుడు వణకు ఆగునో దాని వెంట పోవలెను. అతుకుల వద్ద కుంచెతో కొంచెము నీరు తడిపినచో, చీలిక నీటిని లోనికి పీల్చి ఇంజను ధ్వని మారును. కొందరు నీటికి బదులు పెట్రోలు చల్లుదురు. వేడి ఇంజనుపై పెట్రోలు చల్లుట బండిని తగులబెట్టుకొనుట. మీ కన్నుల యెదుట ఎవరైన ఇట్లు చేయబోయినచో వారించుడు.

బ్రేకు బూస్టరు గల బండ్లలో మరొక పరీక్ష కలదు, దీనిని మేము మిక్కిలి ముఖ్యముగ నెంచుచున్నాము. బూస్టరు బలము ఇంజను పీల్పు నుండియే వచ్చును. ఐడిలింగులో బ్రేకు పెడలు నొక్కి పట్టినపుడు ఇంజను మరింత వణకి ఆగబోయినచో, లేదా పెడలు వద్ద బుస్సుమను శబ్దము విడువక వినవచ్చినచో, బూస్టరులోగాని దాని గొట్టములోగాని చీలిక కలదు. అది వట్టి ఐడిలింగు చిక్కు కాదు. ఆ బండిలో ఒకనాడు బ్రేకు ఱాయివలె గట్టిపడును. అది బాగగువరకు పిల్లలను ఎక్కింపరాదు.

తరువాత కార్బురేటరు. ఐడిలింగునకు దానిలో వేరు దారి, వేరు జెట్టు కలవు. ఆ జెట్టు రంధ్రము సూదిమొన యంతటిది. వేగములో చక్కగ నడచి, కాలు తీయగనే ఆగిపోవు బండిలో ఈ రంధ్రము మూసికొనియుండుట సామాన్యము. దానిని గాలితో ఊది శుభ్రము చేయవలెను. తీగెతో పొడువరాదు. ఇత్తడి మెత్తనిది, రంధ్రము పెద్దదైనచో పెట్రోలు పాలు శాశ్వతముగ పెరుగును. కొన్ని కార్బురేటర్లకు తాళము త్రిప్పగనే టక్కుమని తెరచుకొను చిన్న విద్యుత్ కవాటము ఉండును. ఆ టక్కు వినబడనిచో దాని తీగె ఊడినదేమో చూచిన పిమ్మటనే కార్బురేటరు విప్పుడు.

ఇటీవల పాత బండ్ల ఐడిలింగు నూతనముగ చెడుటకు పెట్రోలు కూడ కొంత కారణము. ఇరువది పాళ్ల ఇథనాలు కలిసిన పెట్రోలు 2023 ఫిబ్రవరి 6న మన బెంగళూరులోనే, ఇండియా ఎనర్జీ వీక్ సమావేశమున, ప్రారంభింపబడి 2025 నాటికి దేశమున సర్వసామాన్యమైనది. ఇథనాలునకు తూకమున 9 పాళ్ల గాలియే చాలును. కావున ఈ మిశ్రమమునకు 14.7కు బదులు సుమారు 13.5 పాళ్లు కావలెను. కొత్త బండ్లలో కంప్యూటరు దీనిని గుర్తించి సర్దుకొనును. కార్బురేటరునకు అట్టి తెలివి లేదు. పాత పెట్రోలునకు సరిపడ తొలచిన జెట్లతో కొత్త పెట్రోలును పంపుటచే మిశ్రమము పలుచనై ఐడిలింగు తడబడును. ఇథనాలు తేమను పీల్చును, పాత రబ్బరును ఉబ్బించును.

ఇచ్చట బెంగళూరు ఎత్తును గూర్చి ఒక మాట. మన నగరము సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చటి గాలి తీరప్రాంతపు గాలి కంటె నూటికి తొమ్మిది పాళ్ల వరకు పలుచన. కార్బురేటరు గాలి తూకమును ఎరుగదు గనుక ఇచ్చట మిశ్రమములో పెట్రోలు పాలు నూటికి నాలుగైదు వంతులు హెచ్చును. కొత్త పెట్రోలు చేయు లోపమును ఊరి ఎత్తు కొంత పూడ్చుచున్నదన్నమాట! అందుచేతనే ఇచ్చట ఒక మోస్తరుగ నడచిన బండి తిరుపతి యాత్రకు బయలుదేరి, మొగిలి ఘాటు దిగి చిత్తూరు చేరునప్పటికి వణకుట మొదలుపెట్టవచ్చును. అట్టివారు దారిలో స్క్రూ త్రిప్పించుకొని, తిరిగి వచ్చిన తరువాత మరచిపోవుదురు. తిరిగి వచ్చిన నాడే దానిని పూర్వస్థితికి తేవలెను.

పెట్రోలుతోను, గ్యాసుతోను నడచు బండ్లు గలవారికి గొప్ప సౌకర్యము కలదు. మీట మార్చి చూచిన చాలును. గ్యాసులో వణకి పెట్రోలులో నిమ్మళించినచో దోషము గ్యాసు రెగ్యులేటరు, ఫిల్టరు వైపున. దీనికి విపర్యయమైన కార్బురేటరు. రెండింటను ఒకే తీరున వణకినచో ఇంధనమును వదలి నిప్పును, దొంగగాలిని, వాల్వులను చూడవలెను. గ్యాసుతో ఎక్కువ నడచిన ఇంజనులో వాల్వులు తమ పీఠములలోనికి క్రమముగ క్రుంగి, ట్యాపెట్ల ఎడము తగ్గును. ఎడము లేని వాల్వు పూర్తిగ మూతపడక, అంచు కాలిపోవును. ట్యాపెట్ల శబ్దము వినబడుట లేదని సంతోషించు ఆటోవారు కొందరు కలరు. శబ్దము బొత్తిగ లేకుండుటయే భయపడవలసిన సంగతి. ఒకే సిలిండరు గల ఆటో ఇంజనునకు కొంత ఊపు సహజమే యగుటచే, క్రొత్తగ వచ్చిన ఊపునే లెక్కింపవలెను.

ఇవన్నియు చూచినను కారణము దొరకనిచో కంప్రెషను కొలిపింపవలెను. అన్ని సిలిండర్ల ఒత్తిడియు ఇంచుమించు సమముగ నుండవలెను. ఒకటి మిగిలినవాని కంటె నూటికి పది పదిహేను పాళ్లకు పైగా తగ్గినచో దానిలో ఒక చెంచా ఆయిలు పోసి మరల కొలువవలెను. అప్పుడు పెరిగినచో రింగులు అరిగినవి, పెరుగనిచో వాల్వు. ఇంతవరకు వచ్చిన పిమ్మట మాత్రమే పెద్ద ఖర్చు మాట తలపెట్టవలెను. మొదటనే ఇంజను దించవలెననిన మెకానిక్కును "కంప్రెషను ఎంత వచ్చినది?" అని అడుగుడు. జె.సి. రోడ్డులో దొరకని సామాను లేదు. అందుచేతనే కారణము తెలియకుండ కార్బురేటరు, కాయిలు, ప్లగ్గులు అన్నియు ఒకేసారి మార్చుట సులువైనది. ఒక్కసారి ఒక్క భాగమును మార్చి, తీసిన పాతదానిని అడిగి తీసికొనుడు.

2000 ప్రాంతము నుండి వచ్చిన ఇంజెక్షను కార్లకును, 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్ ఆరు ద్విచక్ర వాహనములకును ఈ స్క్రూల వైద్యము చెల్లదు. వానిలో థ్రాటిలు వద్ద పేరుకొన్న మసి, ఐడిలింగు గాలిని నియమించు కవాటము, సెన్సర్లు ముఖ్యములు. మీటర్ల పలకలో ఇంజను దీపము వెలిగినచో పరికరముతో దాని సంకేతమును చదివింపవలెను. దొంగగాలి, ప్లగ్గు మాత్రము వానికిని సమానమే.

మన బడి వ్యానులకు ప్రత్యేకమైన ఒక చిక్కు వేసవి సెలవులు. ఏప్రిలు నుండి నిలిచిన బండిలో కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు ఆవిరై జిగురు మిగులును, ఎలుకలు తీగెలు కొరుకును. పాఠశాల తెరచిన మొదటి వారమున గుమ్మము వద్ద ఎక్కువ బండ్లు వణకుటకు ఇదియే కారణమని మా ఊహ. సెలవులకు ముందు గిన్నెలోని పెట్రోలును తీయించి, తేమ చేరకుండ ట్యాంకు నింపి, బ్యాటరీ తీగె విప్పి యుంచవలెను. బడి తెరచుటకు నాలుగు దినములు ముందుగ ఇంజను వేసి, కిటికీలు తెరచి, చోకు లేకుండ పావుగంట నిలుకడగ తిరుగునో లేదో చూచి, వణకినచో పైన చెప్పిన వరుసలో ప్లగ్గుల నుండి మొదలుపెట్టవలెను. పిల్లలు ఎక్కునంతసేపు, దిగునంతసేపు గుమ్మము వద్ద ఇంజను ఆపి యుంచవలెనని వ్యాను వారినందరిని కోరుచున్నాము.